ఎప్పుడు చూసినా ఖాళీ క్యానే

"క్యాన్ సార్!" అని షెడ్డు లోపల్నించి మెకానిక్కు హెడ్డు పెట్టిన కేక గాజు తలుపు దాటి, నన్ను దాటి, నా చేతిలోని ఫోన్లో దూరి, సరాసరి మా ఆవిడ చెవిలో పడింది. ఇవతల నేను విన్నది ఒక క్యానూ, ఒక సారూ. అవతల ఆవిడ విన్నది రెంటినీ అతికించి. అంతకు ముందు సంభాషణ కూడా అందుకు తగ్గట్టే నడిచింది మరి. "పొద్దున్నే మా నాన్నని వెంటేసుకుని ఎక్కడికెళ్ళారండీ?" అంది, "చూపించడానికి" అన్నాను, "ఏం చూపించడానికి?" అంది, "లోపల చూస్తున్నారు, ఇంకా ఏదీ తేలలేదు" అన్నాను. నేను వచ్చింది ఆవిడ సొంత తమ్ముడి షెడ్డుకనీ, వాడితో తాడో పేడో తేల్చుకోవడానికనీ ఆవిడకి చెప్పలేను కదా. చెప్పకుండా ఉండాలని మాటలు వెతుక్కుంటుంటే హెడ్డు రెండో కేక వేశాడు, "లోపలంతా తెల్లగా గడ్డ కట్టింది సార్! హెడ్డు విప్పాల్సిందే!" అని. ఫోన్లో సన్నగా, "ఏవండీ, ఎవరికి? మీకా, నాన్నకా?" అంది. కారుకే అనబోయాను. ఫోన్ నల్లబడిపోయింది. ఛార్జింగు అయిపోయింది, ఛార్జి మాత్రం నా మీద పడింది.

ఇంకో ఫోన్ మా బావమరిది జేబులో ఉంది. అడిగితే ఇస్తాడు. కానీ ఇవాళ వాణ్ణి మంచినీళ్ళు కూడా అడగకూడదని ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చాను, మాట తప్పితే ఎలా? మా ఇంట్లోనే ఉంటున్న మామయ్యగారికి ఫోనే లేదు, ఉన్నా అది ఎక్కడ అరిగిపోతుందోనని వాడరు. కాబట్టి ఆవిడ కంగారు కాసేపు ఆవిడ దగ్గరే ఉండనీ, నా కంగారు నాకుంది. హెడ్డు కేకలో నన్ను పొడిచింది క్యానూ కాదు, సారూ కాదు. "ఉంది" అన్న మాట, వాడు అనకుండా అన్న మాట. గడ్డ కట్టిందంటే కట్టడానికి లోపల ఏదో ఉండాలి కదా. ఇన్నాళ్ళుగా నేను ఎప్పుడు విప్పి చూసినా బొట్టు లేని క్యానులో, సరిగ్గా ఇవాళ, సరిగ్గా ఈ షెడ్డులో, సరిగ్గా నేను గాజుకి ఇవతల కూర్చున్నప్పుడు, సరుకు ఎలా వచ్చింది? వస్తుందా, తెస్తారా?

ఏదో పాత వ్యాను వెనక సీటు ఊడబెరికి ఇక్కడ బెంచీలా వేశారు. కూర్చుంటే స్ప్రింగు గుచ్చుతుంది, లేస్తే మూలుగుతుంది. ఎదురుగా గాజు, గాజు మీద ఎప్పుడో చింపేసిన స్టిక్కరు జిగురు, జిగురు మీద ధూళి, ధూళికి అవతల నా కారు, నోరు తెరిచి డాక్టరు ముందు నాలుక చాపినట్టు బానెట్టు ఎత్తుకుని. కంప్రెసరు కాసేపు ఆయాసపడి ఆగిపోతోంది, మళ్ళీ ఆయాసపడుతోంది. హెడ్డు స్పానర్లు ఒక్కొక్కటీ గుడ్డ మీద పేరుస్తున్నాడు, ఆపరేషన్ ముందు కత్తులు పేర్చినట్టు. వాడి అసలు పేరు ఎవరికీ తెలీదు, ఇంజన్ హెడ్డు విప్పడంలో చెయ్యి తిరిగినవాడు కనక హెడ్డు. మెకానిక్కు అనే మాటలోనే నిక్కు ఉంది, హెడ్డు అని పేరు పెట్టాక ఇంక అడగాలా. వాడు బోల్టు మీద స్పానరు పెట్టి తిప్పాడంటే అంతే, కారు రోజుల తరబడి తల లేకుండా పడి ఉంటుంది, మూసినా మునుపటి కారు కాదు. నేను సరే అనాలి, అప్పుడు తిప్పుతాడు. నేను సరే అనాలంటే మా బావమరిది చెప్పేది నమ్మాలి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

నమ్మకం నా వృత్తి కాదు. పేపర్లో చిన్న ప్రకటనలు రాసి పెట్టడం నా వృత్తి. గోడలు బీటలిచ్చిన ఇంటిని "గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చు గృహం" అని రాసినవాణ్ణి నేనే. పాత కార్లకయితే నా దగ్గర ఒక భాషే ఉంది. "మంచి కండిషన్" అని రాస్తే ఏ కండిషన్లు వర్తిస్తాయో అడక్కూడదు. "డాక్టరు వాడిన కారు" అంటే కారుకి జబ్బున్నట్టే లెక్క. "ఒకే చేతి మీద నడిచిన బండి" అని రాసినప్పుడల్లా ఆ రెండో చెయ్యి ఈలోపు ఏ జేబులో ఉందోనని నాకే అనుమానం వస్తుంది. ఇన్నేళ్ళూ ఇలాంటివి వండి వడ్డించినవాడు ఇంకొకడు వండింది ఎలా తింటాడు? మా ఆవిడ అంటుంది, మీ అనుమానంలోనే మానం ఉంది, అనుమానం పోతే అదీ పోతుందని భయం మీకు, అని. నా దగ్గరే నేర్చుకుంది ఈ మాటల విరుపులు, నా మీదే విరుస్తుంది.

ఈ కారు తెచ్చిపెట్టిందీ వాడే, మా బావమరిది. ఆవిడ లైబ్రరీ ఉద్యోగానికి వెళ్ళి రావడానికి పనికొస్తుందని. ఇంటి గేటు నుంచి లైబ్రరీ గేటుకి ఎంత దూరమని, పాట ఒకటి మొదలుపెడితే రెండో చరణానికి బ్రేకు వెయ్యాలి. తెచ్చిన కొత్తలో ఒక ఆదివారం ఇంటికొచ్చి, చేతిలో నల్లగా నిగనిగలాడే చెంబులాంటిది పట్టుకుని, "బావా, దీన్ని ఆయిల్ క్యాచ్ క్యాన్ అంటారు, నీ ఇంజన్‌కి బిగిస్తున్నా" అన్నాడు. ఎందుకురా అంటే నేల మీద కూర్చుని పాఠం చెప్పాడు. ఇంజన్ లోపల మండిన పొగలో కొంచెం పిస్టన్ల పక్కనుంచి కిందకి జారిపోతుందట, అక్కడున్న నూనె తుంపరని కూడా మోసుకుని పైకొస్తుందట, కంపెనీవాడు ఆ పొగని బయటికి వదలకుండా గొట్టం పెట్టి మళ్ళీ ఇంజన్ పీల్చే గాలిలోకే తిప్పేస్తాడట, ఆ జిడ్డు పోయి పోయి వాల్వుల వెనక మసిలా పేరుకుంటుందట. మధ్యదారిలో ఈ క్యాను కాపలా పెడితే నూనె ఇందులో దిగిపోయి గాలి మాత్రం ముందుకు పోతుంది. "అంటే క్యాచ్ పట్టడానికి ఫీల్డరన్నమాట" అన్నాను. "అంతే బావా. కింద గిన్నె తిప్పితే ఊడొస్తుంది. అప్పుడప్పుడూ మీలో ఎవరో ఒకరు విప్పి ఖాళీ చేస్తుండండి, ఇందులో పట్టేదంతా మీ ఇంజన్ నూనే" అన్నాడు. పక్కనే మామయ్యగారు స్టూలు మీద కూర్చుని, చెవి మిషన్ ఆన్ చేసుకుని మరీ, తలాడిస్తూ శ్రద్ధగా విన్నారు. మా అమ్మాయి పరీక్ష ఫలితాలప్పుడు కూడా ఆయన ఆ మిషన్ ఆన్ చెయ్యలేదు.

అప్పట్నించీ పొద్దున లేవగానే మొహం కడక్కుండా బానెట్టు ఎత్తడం, గిన్నె తిప్పడం, లోపలికి తొంగి చూడడం. ఖాళీ. మర్నాడు ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీయే. మామూలు ఖాళీ కూడా కాదు, కడిగి తుడిచి బోర్లించిన గిన్నెలా తళతళలాడే ఖాళీ. వేలు పెట్టి రాస్తే వేలికి జిడ్డంటదు. నూనె గొట్టం దారిలో కాపలా కాసే గిన్నెకి జిడ్డంటకపోవడం ఏమిటి? ఇంటర్నెట్లో చదివితే అనుమానానికి ఆజ్యం, కాదు, ఆయిల్ పోసినట్టయింది. అక్కడ లోకం రెండు ముక్కలు. ఒక ముక్క, క్యాను పెట్టాక గ్లాసుడు మడ్డి పట్టింది చూడండని ఫోటోలు పెడుతుంది. ఇంకో ముక్క, ఆ మడ్డి వల్ల వాల్వులు పాడవుతాయని నీకు తెలుసా, క్యాను పెట్టకపోతే ఏమయ్యేదో నీ కారుకే ఇంకో జన్మ ఇచ్చి చూశావా, కంపెనీవాడికి లేని తెలివి నీకెక్కడిదని నిలదీస్తుంది. లోపల జాలీ, అడ్డుగోడలూ లేని ఉత్తుత్తి డబ్బాలు కూడా అమ్ముతారట, గాలి ఇటొచ్చి అటు పోతుంది, నూనెని అడిగేవాడుండడు. అది చదివిన సాయంత్రం నా బుర్రలో ఒక వెలుగు వెలిగింది. మా బావమరిది నాకు పెట్టింది ఫీల్డరుని కాదు, దిష్టిబొమ్మని.

ఆ తర్వాత వారం ఇంజన్‌లో నూనె పోసే మూత విప్పి చూస్తే అడుగున తెల్లగా, మీగడలా, షేవింగు సబ్బు నురగలా పేరుకుని ఉంది. నూనెలో నీళ్ళు కలిస్తే అలా అవుతుందట. నీళ్ళు కలిశాయంటే హెడ్డు కింద నీళ్ళూ నూనే కలవకుండా ఆపే గాస్కెట్టు పోయినట్టట. గాస్కెట్టు అన్న మాట వినగానే నాకు గ్యాస్ పట్టింది. అంటే పోయిన గాస్కెట్టుతో ఉన్న కారుని నాకు అంటగట్టి, అడక్కుండా ఓ డబ్బా బిగించి, అది ఖాళీగా ఉంటే "చూశావా బావా నీ ఇంజన్ ఎంత ఆరోగ్యమో" అనిపించుకుందామని. లెక్క సరిపోయింది, ఇంక ఈ వారం ఆ దిష్టిబొమ్మని విప్పి కూడా చూడలేదు. సరిపోయిన లెక్క ఎంత ఆనందమో, అందులో తీసేసింది సొంత బావమరిదినయినా సరే.

తలుపు తోసుకుని వాడే వచ్చాడు. మోచేతుల దాకా నలుపు, కనుబొమ్మల మధ్య ముడి. వాళ్ళక్కకీ అదే చోట ముడి పడుతుంది కోపం వస్తే, అది చూసి పక్కకి జరిగాను అలవాటుగా.

"బావా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకు" అన్నాడు. ఏమీ అనుకోకు అన్నప్పుడే అన్నీ అనుకోవాలి.

"అడుగు."

"రేడియేటర్లో నీళ్ళు ఒక్క చుక్క తగ్గలేదు. నూనెలో చూస్తే నీళ్ళున్నాయి. గాస్కెట్టు పోతే అక్కడ తగ్గి ఇక్కడ పెరగాలి. అక్కడ తగ్గలేదంటే..." అని ఆగి, "నువ్వేమైనా పోశావా?"

"నేనా? దేంట్లో?"

"తగ్గిన నీళ్ళు నింపేసి తెచ్చావేమో అని. లేకపోతే బయట ఎక్కడో నాసిరకం నూనె ఏదైనా... నాతో చెప్పుకోవడానికి మొహమాటపడి..."

"నాకు మొహమాటమా? నీ దగ్గరా?"

"అదే నేనూ అనుకుంటున్నా, నీకు మొహమాటం ఎప్పట్నించీ అని. పోనీ, విప్పి చూస్తే తేలిపోతుంది. నువ్వు ఊఁ అను" అనేసి వెళ్ళిపోయాడు. చూశారా, దొంగని దొంగే పట్టుకున్నట్టు మాట్లాడాడు. లేదా దొర దొంగని పట్టుకున్నట్టు. ఎవరు ఏదో తేలక ముందే నన్ను ఒక వైపు నిలబెట్టేశాడు. నీళ్ళు తగ్గలేదు, నూనెలో ఉన్నాయి. ఆకాశం నుంచి కురిశాయా? గాజు అవతల వాడి జేబులో ఫోన్ మోగింది, మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఏదో అన్నాడు, అంటూ నా వైపు ఒక్క చూపు చూశాడు. వాళ్ళక్కే అయి ఉంటుంది. మీ ఆయన నన్ను అనుమానిస్తున్నాడే అని చెబుతూ ఉంటాడు. చెప్పుకోనీ. కారు విషయంలో నావైపు ఎవరున్నారు గనక. కారు... నావాళ్ళు... అదిగో, అక్కడే దొరికింది నాకు వాక్యం.

"కారు నువ్వే ఉంచేసుకో. ఇవాళ్టినుంచి మీరెవరూ నావాళ్ళు కారు."

లోపల్లోపల రెండుసార్లు చదువుకున్నాను. రెండు కార్లనీ ఒకే వాక్యంలో పార్కు చేశాను, ఒకదానికొకటి గీసుకోకుండా. ఇన్నేళ్ళ ప్రకటనల్లో ఇంత పొందిగ్గా ఏదీ కుదర్లేదు. ఇది వాడి మొహాన పడెయ్యాలి, పడేసి మామయ్యగారిని అక్కడే వాళ్ళబ్బాయి దగ్గర వదిలేసి నడిచి వెళ్ళిపోవాలి. వాడు మళ్ళీ మా గుమ్మం తొక్కడు, ఆదివారాలు వచ్చి నా కుర్చీలోనే కూర్చోడు, నా పేపరే నాకంటే ముందు చదివేసి మడత పాడుచెయ్యడు, నేను జోకు వేస్తే నవ్వకుండా నిట్టూర్చడు. ఎంత హాయి. ఎంత హాయో అని గట్టిగా అనుకుంటున్న కొద్దీ ఆ స్ప్రింగు ఇంకా గుచ్చుతోంది.

ఆ రోజు వాన. ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడిది? మా అమ్మాయి పుట్టిన రోజు, అంటే పుట్టబోతున్న రోజు, మా ఆవిడ వెనక సీట్లో పళ్ళు బిగించుకుని పడుకుని ఉంది, నేను పక్కన కూర్చుని పనికిరాని ధైర్యాలు చెబుతున్నాను. వ్యాను ఎవరిదో, మా బావమరిది అప్పుడు పని నేర్చుకుంటున్న షెడ్డులో బాగుకొచ్చింది, అడక్కుండా తోలుకొచ్చేశాడు. దానికి వైపర్లు పనిచెయ్యవు, అందుకే బాగుకొచ్చింది. వీడు కిటికీలోంచి సగం బయటికి వంగి, చొక్కా విప్పి ఆ చొక్కాతో అద్దం తుడుస్తూ, ఇంకో చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఆసుపత్రి దాకా. ఒంటి మీద బనీను, బనీను మీద వాన. ఒకే చేతి మీద నడిచిన బండి. ఆ రెండో చెయ్యి ఎక్కడుందో అప్పుడు నాకు కనిపిస్తూనే ఉంది. వాక్యం మళ్ళీ చదువుకున్నాను. ఈసారి ఏదో ఒక కారు ఇంకోదానికి గీసుకున్నట్టనిపించింది. అయినా సరే, ఆ ఒక్క వానకి జీవితాంతం తడుస్తామా? పైగా ఆ వ్యాను కూడా అడక్కుండానే తెచ్చాడుగా, అడక్కుండా తేవడం వీడికి మొదట్నించీ అలవాటే అని ఇంకో అనుమానం వచ్చి నన్ను కాపాడింది.

పక్కన మామయ్యగారు ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని, రెండు చేతులూ సంచి మీద పెట్టుకుని కూర్చున్నారు. చెవి మిషన్ ఆఫ్. పనికొచ్చే మాట ఎవరైనా మాట్లాడితే ఆన్ చేస్తారు, బ్యాటరీ ఆదా. ఆయన రిటైరయింది ఒక పెద్ద గోడౌనులో స్టోర్ కీపరుగా, కానీ స్టోరు మాత్రం ఆయనలోంచి రిటైరు కాలేదు. ఆయన సిద్ధాంతం ఒకటే, ఏ సెక్షను నుంచి వచ్చిన సరుకు వాడకుండా మిగిలితే ఆ సెక్షనుకే తిరిగి పోవాలి. ఇంట్లో అరిగిన సబ్బు ముక్క కొత్త సబ్బు వీపు మీద అతుక్కుంటుంది. తాగగా మిగిలిన నీళ్ళు కుండలోకే పోతాయి, అత్తయ్యగారు అరిచే దాకా. వంటింట్లో నూనె సీసా అయిపోతే దాన్ని కొత్త సీసా మీద బోర్లించి గంటల తరబడి నిలబెడతారు, రెండు సీసాలూ కుస్తీ పడుతున్నట్టు. కొన్నాళ్ళ కిందట అత్తయ్యగారి నూనె గరాటు కనిపించకుండా పోయింది, దాంతో మా ఆవిడ నన్ను అనుమానించింది, కారు పిచ్చిలో నేనే పట్టుకెళ్ళి ఉంటానని. నన్నా? అనుమానించడం నా పని, నన్ను అనుమానించడం ఏమిటి?

ఈయన ఇవాళ ఎందుకొచ్చారన్నది కూడా తేలాలి. ఈ వారమంతా జలుబు, మంచం దిగలేదు, తెల్లారగట్ల లేచి వరండాలో తిరిగే మనిషి దుప్పటి తియ్యలేదు. అలాంటిది నేను కారు తాళాలు తియ్యగానే ముక్కు తుడుచుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ఎక్కడికని అడగలేదు. దారంతా బానెట్టు వైపే చూశారు, దిగులుగా, పసిపిల్లని ఇంట్లో వదిలొచ్చిన వాళ్ళలా. నాకు తెలుసు, కొడుకు తరఫు వేగు. తండ్రీ కొడుకూ కలిసి... అని ఆలోచన ఇంకో మలుపు తిరగబోతుంటే గాజు అవతల హెడ్డు స్పానరు తీసి ఇంజన్ మీద వంగాడు. మా బావమరిది క్యాను గిన్నెని రెండు చేతుల్తో పట్టుకుని, వాసన చూసి, వేలితో తీసి చూసి, మొహం చిట్లించి, మూలనున్న పాత నూనె డ్రమ్ము వైపు నడిచాడు. సాక్ష్యం! పారబోసేస్తున్నాడు! లేచాను. సీటు మూలిగింది. తలుపు తోశాను. కంప్రెసరు చప్పున ఆగింది, నా కోసమే ఆగినట్టు.

"ఆగు" అన్నాను. వాడు ఆగాడు. హెడ్డు తల ఎత్తాడు. గొంతు సవరించుకున్నాను. "కారు నువ్వే ఉంచేసుకో. ఇవాళ్టినుంచి మీరెవరూ..."

"అయ్యయ్యో, పారబోస్తావేంట్రా!"

నా వెనకనుంచి ఒక గాలి నన్ను పక్కకి నెట్టి పోయింది. మామయ్యగారు. అంత జలుబుతో, ఆ మోకాళ్ళతో. కొడుకు చేతిలోంచి గిన్నె లాక్కున్నారు, రెండు చేతుల మధ్య పొదువుకున్నారు, కారు దగ్గరికెళ్ళి హెడ్డుని మోచేత్తో జరిపారు, నూనె మూత అలవాటున్న వేళ్ళతో తిప్పి తీశారు, గుడ్డసంచిలో చెయ్యి పెట్టి మా వంటింటి గరాటు తీశారు. తీసి, ఆ మూతి మీద పెట్టి, గిన్నెలోని తెల్లటి మడ్డిని బొట్టు జారకుండా ఇంజన్‌లోకి వంచేశారు. అడుగున మిగిలింది చూపుడు వేలితో గీకి అదీ పోశారు. సంచిలోంచి గుడ్డ తీసి గిన్నె తళతళలాడేలా తుడిచి, కొడుక్కి అందించి, "ఈ వారం జలుబుతో కుదర్లేదురా, ఎంత పేరుకుపోయిందో చూడు" అన్నారు, క్షమించమన్నట్టు.

హెడ్డు చేతిలో స్పానరు గాల్లోనే ఉంది. నా నోట్లో "మీరెవరూ" సగంలో ఉంది. మా బావమరిది గిన్నె వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, తన చెవి మీద వేలితో తట్టి చూపించాడు. మామయ్యగారు మిషన్ ఆన్ చేశారు.

"నాన్నా, ఇది రోజూ పోస్తున్నావా?"

"రోజూ. మీ బావ లేవక ముందే. ఆయనకి ఆఫీసు హడావిడి, నేనెందుకు చెప్పి విసిగించడం? ఖాళీ చెయ్యమని నువ్వే అన్నావుగా, అందులో పట్టేదంతా దాని నూనే అని కూడా అన్నావు. దాని నూనె దానికిచ్చాను. ఒక్క బొట్టు ఇటుది అటు పోలేదు."

"అది వట్టి నూనె కాదు నాన్నా. దాంట్లో సగం నీళ్ళు."

"నీళ్ళెక్కడివిరా?"

"అక్క బండి తీస్తే ఇంజన్ వేడెక్కే లోపే లైబ్రరీ వచ్చేస్తోంది. చలి. లోపల పొగలో తడి ఆవిరైపోకుండా చెమటలా పడుతోంది, అదే నూనెతో కలిసి ఇలా మీగడ కడుతోంది. నేను పెట్టిన క్యాను పాపం దాన్ని పట్టి ఇస్తోంది, నువ్వు మళ్ళీ తీసుకెళ్ళి లోపలికే పోస్తున్నావు." అని వాడు డ్రమ్ముకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు, భుజాలు ఎగిరేలా. హెడ్డుకి "లోపలెయ్ రా స్పానర్లు" అని సైగ చేశాడు. నవ్వుతూనే నా వైపు తిరిగి, "గాస్కెట్టుకేం కాలేదు బావా, నూనె మార్చి, ఆదివారం ఆదివారం ఊరి బయట దాకా ఓ గంట తోలితే చాలు. అవునూ, నువ్వు నన్నే అనుకున్నావు కదూ?"

"నువ్వు నన్ననుకోలేదూ?"

"అనుకున్నా."

ఎంత సుళువుగా ఒప్పేసుకున్నాడు వెధవ. నేను రోజూ పొద్దున్నే బానెట్టు ఎత్తి, ఖాళీ గిన్నెలో ఏమీ దొరక్క, లోపల పట్టిన అనుమానాన్ని మళ్ళీ లోపలికే పోసుకుంటూ వచ్చాను. మామయ్యగారికి గరాటన్నా కావాల్సొచ్చింది, నాకు అదీ అక్కర్లేకపోయింది.

అప్పుడే గేటు ముందు టాక్సీ ఆగింది. మా ఆవిడ దిగింది, చెప్పులు రెండూ వేరువేరు జతలవి. వెనకాల అత్తయ్యగారు దిగారు, కొంగు నోట్లో కుక్కుకుని. మా ఆవిడ నన్ను పై నుంచి కింద దాకా చూసింది, తండ్రిని పై నుంచి కింద దాకా చూసింది, ఎవరి దగ్గర ముందు ఏడవాలో తేలక తమ్ముడి మీద పడింది, "ఫోన్ చేస్తే నా దగ్గరే ఉన్నారక్కా, కంగారుపడకు అని పెట్టేస్తావా? చెప్పరా, క్యాన్సరెవరికి?"

"క్యాన్... ఏంటక్కా?"

"హెడ్డు విప్పాలని అరిచారు, నా చెవులారా విన్నాను! గడ్డ కట్టిందన్నారు! తల ఓపెన్ చేస్తే మనిషి మిగుల్తాడా అసలు?"

హెడ్డు ఒకడుగు ముందుకొచ్చి, మర్యాదగా, "అరిచింది నేనేనమ్మా" అన్నాడు. "క్యాన్, సార్. గడ్డ కట్టింది క్యాన్లో. నేను చెప్పింది సారుకి. విప్పాలన్నది ఇదిగో, ఈ హెడ్డు." అని ఇంజన్ మీద తట్టాడు, తర్వాత తన తల మీదా తట్టుకున్నాడు, "ఇది కాదు."

ఆవిడ కారుని చూసింది, క్యానుని చూసింది, అప్పుడు నన్ను చూసింది. ఆ చూపు చూశాక నిజంగానే నా తలకే ఆపరేషన్ చేస్తే బాగుండుననిపించింది. ఈలోగా అత్తయ్యగారి దృష్టి ఇంజన్ మూతి మీద నిలబడి ఉన్న వస్తువు మీద పడింది. కొంగు నోట్లోంచి జారింది. "నా గరాటు!" అన్నారు, రోగి లేచి కూర్చున్నంత సంతోషంగా, మరుక్షణం అది ఎక్కడ ఉందో గమనించి అంత కోపంగా. అందరం ఒకేసారి మాట్లాడ్డం మొదలుపెట్టాం. బావమరిది క్యాను సంగతి చెబుతున్నాడు, హెడ్డు సారు సంగతి చెబుతున్నాడు, నేను ఫోన్ సంగతి చెబుతున్నాను, అత్తయ్యగారు "ఇంతకీ ఎవరికీ ఏమీ లేదుగా?" అని మధ్య మధ్య అడుగుతున్నారు, "ఎవరికీ లేదత్తయ్యగారూ, కారుక్కూడా లేదు" అని నేను ప్రతిసారీ చెబుతున్నాను. అంతా అయ్యాక మా ఆవిడ కళ్ళు తుడుచుకుని తమ్ముణ్ణి అడిగింది, "అయితే ఆ క్యాను వల్ల ఉపయోగం ఉన్నట్టా, లేనట్టా?"

"వాల్వులు చూస్తే గానీ పూర్తిగా చెప్పలేనక్కా. కానీ పారబొయ్యడం చేతనయిన ఇంట్లో అయితే ఎంతో కొంత ఉంటుంది" అన్నాడు వాడు, అని నా వైపు తిరిగి, కనుబొమ్మల మధ్య ముడి లేకుండా, మెల్లగా, "బావా, ఇందాక ఏదో అనబోయావు. కారు ఉంచేసుకో, మీరెవరూ... అని ఆగిపోయావు. మీరెవరూ, ఏంటి?"

అందరూ నా వైపు చూశారు. మామయ్యగారి మిషన్ కూడా ఇంకా ఆన్‌లోనే ఉంది. అంత పొందికైన వాక్యం, ఒక్క మాట మిగిలి ఉంది, నాలుక చివర్నే ఉంది.

"మీరెవరూ పొద్దున్నుంచీ ఏమీ తినుండరు కదా అని" అన్నాను. "కారు ఈ పూటకి ఉంచుకో, నూనె మార్చి సాయంత్రం నువ్వే తీసుకురా, భోజనం మా ఇంట్లోనే."

వాడు నా మొహంలోకి ఇంకాసేపు చూశాడు. ఆ రెండో కారు ఎక్కడ పార్కయి ఉందో వాడికి కనిపించిందనే నా అనుమానం. కానీ నేను జోకు వేసినప్పుడు ఎలా నిట్టూరుస్తాడో అలాగే నిట్టూర్చి, ఇంజన్ కింద తొట్టి పెట్టి, అడుగున బోల్టు విప్పాడు. కాఫీరంగు నూనె, మామయ్యగారు అన్నాళ్ళుగా జాగ్రత్తగా తిరిగిచ్చినదంతా, దారగా దిగింది. తొట్టి నిండాక నేనే ఎత్తి డ్రమ్ములోకి వంచాను. మామయ్యగారు అటు చూడలేక మొహం పక్కకి తిప్పుకుని, చెవి మిషన్ ఆఫ్ చేసుకున్నారు.